స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టే ముందు

ప్రెడ్నిసొలోన్ లాంటి మాత్ర మొదటిది వేసుకోకముందే ఇవి చూసుకోండి.

– షుగర్, బీపీ, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), కడుపులో పుండు, హెపటైటిస్ బి, ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ: ఏది ఉన్నా డాక్టరుకు చెప్పాలి. పాత సంగతే కదా అని టీబీని దాచొద్దు. ఈ మందు రోగనిరోధక శక్తిని అణుస్తుంది, లోపల నిద్రపోతున్న జబ్బు మళ్లీ లేవొచ్చు.

– షుగర్ ఉన్నవాళ్లకు పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు. పొద్దున మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం, సాయంత్రమే ఎక్కువ పెరుగుతుంది.

– రోజుకు ఒకటే అయితే ఉదయం, తిన్నాక. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టకపోవచ్చు.

– ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కలపొద్దు.

– అన్నిటికన్నా ముఖ్యం: ఎన్నాళ్లు వాడాలో, డోసు ఎలా తగ్గించాలో చీటీ మీద రాయించుకోండి. 3 వారాలు దాటితే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు, ఒంటికి కావలసిన సహజ స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను సొంతంగా తయారుచేయడం తగ్గించేస్తాయి. అలాంటప్పుడు ఉన్నపళంగా ఆపేస్తే విపరీతమైన నీరసం, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికే రావచ్చు. నొప్పులు పోయి హాయిగా ఉంది కాబట్టి మానేశాం అనేవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు.

– స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే ఇంత భయం అక్కర్లేదు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి, లేదంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది.