మానిటర్ లేకుండా రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూలో వైఫై సెట్ చేసుకోవడం

రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే ఈ బుల్లి కంప్యూటర్ బోర్డుకి ల్యాన్ పోర్ట్ ఉండదు, హెచ్‌డీఎంఐ కూడా మినీ సైజే, కాబట్టి మానిటర్ లేనివాళ్లు మెమరీ కార్డులోకి ఓఎస్ రాసేటప్పుడే వైఫై వివరాలు అందులో పెట్టేయడం మంచిది. కార్డులోని బూట్ పార్టిషన్‌లో వైఫై వివరాలు రాసిన డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైల్ పెట్టమని చాలా పాత గైడ్లలో ఉంటుంది, దాన్ని నమ్మి టైమ్ వేస్ట్ చేసుకోకండి, 2023 అక్టోబర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ బుక్‌వర్మ్ వెర్షన్ వచ్చాక ఆ పద్ధతి పోయింది, ఇప్పుడు వైఫై అంతా నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామే చూసుకుంటుంది.

ల్యాప్‌టాప్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ (కార్డులోకి ఓఎస్ రాసే సాఫ్ట్‌వేర్) ఓపెన్ చేసి బోర్డు, ఓఎస్, కార్డు సెలెక్ట్ చేయండి, తర్వాత కస్టమైజేషన్‌లో హోస్ట్‌నేమ్ (నెట్‌వర్క్‌లో బోర్డుకి ఉండే పేరు), యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు, దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. వైఫై పేరులో పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా వచ్చినా కనెక్ట్ అవ్వదు. దేశం దగ్గర ఇండియా అయితే ఐఎన్ (IN) పెట్టాలి, ఇది వదిలేస్తే వైఫై రేడియో బ్లాక్ అయ్యే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ (ల్యాప్‌టాప్ నుంచే నెట్‌వర్క్ ద్వారా బోర్డులోకి లాగిన్ అయ్యే పద్ధతి) కూడా ఆన్ చేయండి, లేదంటే వైఫై ఎక్కినా మీరు లాగిన్ అవ్వలేరు.

ఇక అసలు చిక్కు చాలాసార్లు రౌటర్ దగ్గరే ఉంటుంది. ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది, 5 గిగాహెర్ట్జ్ దానికి కనిపించదు, మీ ఫైబర్ రౌటర్‌లో రెండిటికీ ఒకే పేరు ఉండి బోర్డు కనెక్ట్ అవ్వకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 2.4కి వేరే పేరు పెట్టండి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చండి. ఫోన్ హాట్‌స్పాట్ వాడినా ఇదే లెక్క, ఐఫోన్‌లో అయితే మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ ఆన్ చేయాలి.

పవర్ ఇచ్చాక మొదటి బూట్‌కి కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడి మధ్యలో వైర్ పీకొద్దు. తర్వాత హోస్ట్‌నేమ్ చివర డాట్ లోకల్ (.local) తగిలించి ఎస్‌ఎస్‌హెచ్ చేయండి, దొరకకపోతే రౌటర్ పేజీలో కనెక్టెడ్ డివైజెస్ లిస్ట్ చూసి ఐపీ తీసుకోండి.

లోపలికి వెళ్లాక సుడో ఎన్‌ఎంటీయూఐ (sudo nmtui) అని కొడితే నెట్‌వర్క్ మేనేజర్ మెనూ వస్తుంది, అందులో ఫోన్ హాట్‌స్పాట్‌ని కూడా రెండో నెట్‌వర్క్‌గా యాడ్ చేసి పెట్టుకోండి, రేపు ఇంటి వైఫై పాస్‌వర్డ్ మారినా కార్డు మళ్లీ రాయకుండా హాట్‌స్పాట్ ఆన్ చేసి లాగిన్ అయిపోవచ్చు.