హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నారా? షుగర్‌ను ఇలా కనిపెట్టుకోండి

బరువు తగ్గినా, నీరసంగా ఉన్నా ఏఆర్‌టీ వాడేవాళ్లు అంతా హెచ్‌ఐవీ వల్లే అనుకుంటారు. మా చిన్నాయన రాత్రికి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తూ, చెంబులకు చెంబులు నీళ్లు తాగుతూ రెండు నెలలు అట్లాగే గడిపాడు, తీరా చూస్తే షుగర్.

కాబట్టి ముందు పరగడుపు పరీక్ష చేయించుకోండి. ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి వరంగల్ ఎంజీఎంలోని ఏఆర్‌టీ సెంటర్‌కు వచ్చేవాళ్లు చీకటితోనే బస్సెక్కి, దిగంగనే చాయ్ తాగేస్తారు, ఇంక పరగడుపు ఎక్కడిది! రాత్రి తిన్నాక ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. సర్వపిండి డబ్బాలో తెచ్చుకోండి, రక్తం ఇచ్చినాకే మూత తీయండి. 126 లేదా పైన వస్తే ఇంకోసారి పరీక్ష చేయించుకోవాలి, 100 నుంచి 125 అంటే షుగర్ గడపదాకా వచ్చినట్టే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్కటే నమ్ముకోవద్దు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో అది అసలు కంటే తక్కువ చూపించవచ్చు.

షుగర్ ఉందని తేలితే అసలు పని ఇప్పుడుంది. షుగర్ డాక్టరుకు ఏఆర్‌టీ సంగతి చెప్పాలి. చాలామంది చెప్పరు, ఇంట్లో ఎవరైనా చదువుతారేమోనని మందు డబ్బా మీది లేబుల్ కూడా చింపేస్తారు. చింపితే చింపండి గానీ ముందు ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకోండి. ఎందుకంటే అందులో డోలుటెగ్రావిర్ ఉంటే అది షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ను ఒంట్లో పెంచుతుంది, అందుకే మెట్‌ఫార్మిన్‌ను సాధారణంగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. సంగతి తెలియని డాక్టరు 2000 రాస్తే? బయటికి పొక్కుతుందని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా డాక్టరు ఆ విషయం ఇంకొకరికి చెప్పడం, కొన్ని మినహాయింపులు తప్ప, కుదరదు.

అట్లాగే షుగర్ చీటీ ఏఆర్‌టీ సెంటర్‌లోనూ చూపించండి. ఏఆర్‌టీలో తరచూ ఉండే టెనోఫోవిర్ మందు, షుగర్ రెండూ కిడ్నీల మీదనే పడతాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అడిగి చేయించుకోండి.

తిండి సంగతి అందరికీ తెలిసిందే: అన్నం తగ్గించి కూర పెంచండి, చాయ్‌లో చక్కెర మానండి, రోజూ అరగంట నడవండి.

ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే సూది మీది మీకే, ఇంట్లోవాళ్లకు షుగరున్నా ఇవ్వొద్దు. షుగర్ వచ్చిందని ఏఆర్‌టీ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. వాంతులు, ఆయాసం, మత్తు కమ్మితే వచ్చే తారీఖు దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, రెండు చీటీలూ పట్టుకొని.