ప్రవాహ సిమ్యులేషన్ నేర్చుకుందాం – 6వ పాఠం: గోడ దగ్గర ఏది సున్నా?

పోయిన పాఠంలో "గోడ దగ్గర వేగం సున్నా" అని రాశాను. "గోడకు లంబంగా ఉన్న వేగం" అని రాయాల్సింది. ఆ ఒక్క మాట లేకపోవడంతో చాలామంది వేగం మొత్తాన్నీ సున్నా చేశారు. సిలిండర్ వెనక వేగం తగ్గిన పట్టీ ఒకటి తోకలా సాగిందని రాశారు. ముందు అది సరిచేద్దాం.

ద్రవాన్ని గోడకు అంటిపెట్టేది స్నిగ్ధత, అంటే ద్రవం లోపలి రాపిడి. మనం వాడే ఆయిలర్ సమీకరణాల్లో (రాపిడి లేని ప్రవాహానికి రాసినవి) అది లేదు కాబట్టి ద్రవం గోడ వెంట జారిపోవాల్సిందే. గోడ దగ్గర మనం పెట్టగలిగే షరతు ఒక్కటే: లంబ వేగం సున్నా. గోడ వెంట సాగే వేగాన్ని ముట్టుకోకండి.

గోస్ట్ సెల్‌లో (గోడకు అవతల మనం ఊహించుకునే గ్రిడ్ గడిలో) సాంద్రత, పీడనం లోపలి సెల్‌వే ఉంచి, వేగంలోంచి లంబ భాగాన్ని రెండుసార్లు తీసెయ్యాలి. వేగం (100, 50), లంబ దిశ (0.6, 0.8) అనుకోండి. లంబ భాగం 60 + 40 = 100. గోస్ట్ వేగం (100 − 120, 50 − 160), అంటే (−20, −110). రెండింటి సగటు (40, −30). దాని లంబ భాగం 24 − 24 = 0.

అసలు గొయ్యి ఇక్కడుంది. లంబ దిశ పొడవు 1 ఉండాలి. గ్రిడ్ నుంచి వచ్చిన (3, 4)ను (దాని పొడవు సెల్ అంచు పొడవే, 5) అలాగే వాడితే గోస్ట్ వేగం (−2900, −3950) అవుతుంది! గోడ నిలువుగానో అడ్డంగానో ఉండి, అంచు పొడవు 1 అయితే ఈ తప్పు బయటపడదు. అందుకే మొదటి పరీక్ష ఎప్పుడూ వాలు గోడ మీదే చెయ్యండి. గోస్ట్ వేగం పరిమాణం లోపలి వేగం పరిమాణంతో సమానమో కాదో చూడండి. పైన రెండింటి వర్గమూ 12500.

నేను మాత్రం గోస్ట్ సెల్ వాడను. లంబ వేగం సున్నా అయితే ద్రవ్యరాశి, శక్తి ఫ్లక్స్‌లు (అంచు గుండా సెకనుకు దాటే మొత్తాలు) రెండూ సున్నా. ద్రవ్యవేగం ఫ్లక్స్‌లో పీడనం ఒక్కటే మిగులుతుంది. దాన్నే నేరుగా రాస్తాను. గోడ వంపుగా ఉంటే సెల్ మధ్యలోని పీడనం సరిపోదు, అంచు దాకా లెక్కగట్టాలి.

అభ్యాసం: మాక్ 0.1 (ధ్వని వేగంలో పదో వంతు) దగ్గర సిలిండర్‌ను మూడు గ్రిడ్‌ల మీద నడపండి, ప్రతిసారీ సెల్ సైజు సగం చేస్తూ. ఫ్రెంచ్ గణితవేత్త డాలెంబర్ట్ 1752లో చూపినట్టు ఇక్కడ డ్రాగ్ (ప్రవాహం సిలిండర్‌ను తన దిశలో నెట్టే బలం) సున్నా రావాలి. మీకు రాదు. సెల్ సగమైనప్పుడల్లా అది ఎన్నో వంతుకు తగ్గుతోందో, సిలిండర్ పైకొన దగ్గర పీడన గుణకం (దూరపు ప్రవాహంతో పీడనంలో తేడాను ఆ ప్రవాహపు ½ × సాంద్రత × వేగం వర్గంతో భాగిస్తే వచ్చేది) −3కి ఎంత దగ్గరగా వచ్చిందో రాసి పెట్టుకోండి. 7వ పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.