హాజరు పట్టీ చదవడం – 3వ పాఠం: అడ్డంగా చదివితే కనిపించేది

మొదటి రెండు పాఠాల్లో రోజూ ఒకే వేళకు హాజరు పిలవడం, రాని పిల్లల ఇంటికి ఆ పూటే కబురు చేయడం చూశాం. ఇప్పుడు నెలాఖరున పట్టీ ముందు పెట్టుకుని చదవడం నేర్చుకుందాం. ఒక స్కేలు, ఎర్ర పెన్ను చాలు. యాప్‌లో హాజరు వేసేవాళ్లు కూడా ఈ ఒక్క పనికీ వరుసలు కాగితం మీద రాసుకోండి.

మనకు అలవాటైన లెక్క నిలువు లెక్క. ఈ రోజు ఎంతమంది వచ్చారు, ఎంతమందికి భోజనం వండాలి, నెల సగటు ఎంత. పైవాళ్లు అడిగేదీ ఇదే. కానీ ఈ లెక్క పిల్లవాణ్ణి దాచేస్తుంది. చూడండి: మూడో తరగతిలో 30 మంది, నెలలో 24 పనిదినాలు, సగటు హాజరు 90 శాతం. అంటే మొత్తం 72 నాగాలు. ఒక బడిలో 18 మంది రెండేసి రోజులు, 12 మంది మూడేసి రోజులు మానేస్తే 72. పక్క ఊరి బడిలో 24 మంది ఒక్కరోజూ మానలేదు, మిగతా ఆరుగురు పన్నెండేసి రోజులు రాలేదు. అక్కడా 72, అక్కడా 90 శాతమే. కానీ ఆ ఆరుగురికి సగం నెల చదువు పోయింది. రిపోర్టులో రెండు బడులూ ఒకటే.

అందుకే స్కేలును పేరు కింద అడ్డంగా పెట్టి, ఒక్కో పిల్లవాడి వరుస చివరిదాకా చదవండి. మూడు, అంతకు మించి నాగాలుంటే పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టండి. 24 రోజుల్లో మూడు అంటే పది శాతం దాటినట్టు. ఇంగ్లండ్ బడుల్లోనూ పది శాతం పూటలు మానేసిన పిల్లలను విడిగా లెక్కిస్తారు. ఒక నెల చుక్క పడితే జ్వరం కావచ్చు. వరసగా రెండో నెలా పడితే ఇంటికి వెళ్లాల్సిందే.

75 శాతం వచ్చింది కదా అని ఊరుకోకండి. అది ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పటి అమ్మ ఒడి, ఇప్పటి తల్లికి వందనం లాంటి పథకాల డబ్బుకు పెట్టిన షరతు, చదువుకు సరిపడే కొలత కాదు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలంటుంది. అందులో 50 రోజులు మానేసినా 75 శాతం వచ్చేస్తుంది. యాభై రోజులంటే రెండు నెలల బడి!

చుక్కలు పెట్టాక, ఆ నాగాలు ఏ రోజుల్లో పడ్డాయో చూడండి. సంత రోజునే పడుతున్నాయా, సోమవారాల్లోనా, దసరా, సంక్రాంతి సెలవుల తరవాతి వారంలోనా? రెండు పూటలా హాజరు వేసే బడిలో మధ్యాహ్నం గళ్లే ఖాళీగా ఉన్నాయా?

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అక్కాతమ్ముళ్ల వరుసలు. నాలుగో తరగతి పట్టీ పక్కన ఒకటో తరగతి పట్టీ పెట్టండి. ఇద్దరూ ఒకే రోజుల్లో మానేస్తే ఇల్లంతా ఎటో వెళ్లినట్టు. తమ్ముడు వస్తూ అక్క మాత్రమే మానేస్తుంటే, ఇంట్లో ఇంకో పసిబిడ్డ ఉందేమో కనుక్కోండి. తల్లి మిరప కోతకో పత్తి ఏరడానికో పోతే బిడ్డను చూసుకునేది ఈ పిల్లే. ఈ సంగతి పిల్ల తనంతట తాను చెప్పదు, అడిగితే తల దించుకుంటుంది. అలాంటప్పుడు తల్లితో మాట ఇలా మొదలుపెట్టండి:

“అమ్మా, పిల్ల ఈ నెల ఐదు రోజులు రాలేదు. లెక్కల్లో భాగహారం దగ్గర ఆగిపోయింది. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?”

“చిన్నదాన్ని చూసేవాళ్లు లేరు సార్. నేను కూలికి పోకపోతే ఎట్టా?”

“ఎందుకు పంపలేదు” అని అడిగితే ఈ జవాబు రాదు, “ఒంట్లో బాగాలేదు సార్” అనే వస్తుంది. కారణం తెలిశాక పని మీది. చిన్నదానికి మూడేళ్లు నిండితే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి అక్కడ కూర్చోబెట్టే ఏర్పాటు చేయండి. నిండకపోతే బడి కమిటీలోని తల్లుల ముందు పెట్టండి. ఆ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది. ఆ వీధి సంగతులు మనకంటే వాళ్లకే తెలుసు.

వలసల సంగతి వేరు. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప చేలకు కుటుంబాలు కదిలిపోతే ఫోన్ చేసి లాభం లేదు. పోయిన ఏడాది పట్టీ తీసి, ఏ వారం నుంచి వరుసలు ఖాళీ అయ్యాయో గుర్తు పెట్టుకుని, ఈసారి ఆ వారానికి ముందే సీజనల్ హాస్టల్ (పెద్దలు వలస పోయిన నెలల్లో పిల్లలను ఉంచుకుని చదివించే హాస్టల్) గురించి ఇంటివాళ్లతో మాట్లాడాలి. మూట కట్టాక ఎవరూ వినరు.

అభ్యాసం: మీ తరగతి గత రెండు నెలల పట్టీలు తీసి ఎర్ర చుక్కలు పెట్టండి. తరవాత ఈ వరుస చూడండి. నాలుగో తరగతి బాలిక: మొదటి మూడు వారాలూ బుధవారం ఒక్కటే నాగా, నాలుగో వారం బుధ, గురు, శుక్రవారాలు నాగా. ఒకటో తరగతిలో ఉన్న తమ్ముడు ఒక్కరోజూ మానలేదు. ఆ ఊరి సంత బుధవారం. తల్లిని ఏ రెండు ప్రశ్నలు అడుగుతారో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.