మామిడి పల్ప్ పైపు సిమ్యులేషన్‌కి బౌండరీ కండిషన్లు ఎట్లా పెట్టాలంటే

చిత్తూరు పక్క పల్ప్ ఫ్యాక్టరీ పైపులైన్‌లో గుజ్జు ఎట్లా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే ప్రాజెక్ట్ చేసే పిల్లోళ్ళు చానామంది ఉంటారు, మెష్ (పైపుని చిన్న చిన్న గడులుగా విడగొట్టడం) బాగానే చేస్తారు, బౌండరీ కండిషన్లు, అంటే పైపు చివర్లలో, గోడల దగ్గర మనం ఇచ్చే విలువలు, వాటి దగ్గరికొచ్చేసరికి ట్యుటోరియల్‌లో ఉండేది అట్లే ఎత్తి పెట్టేస్తారు. ట్యుటోరియల్‌లో పారేది నీళ్ళు, మీ పైపులో పారేది తోతాపురి గుజ్జు.

ముందు పైపు ప్రతి చివరా ఒకటే అడగండి, ఇక్కడ నిజంగా మనకి తెలిసింది ఏంది అని. ఫ్లో మీటర్ ఉంటే వెలాసిటీ, ట్యాంకులోకి ఓపెన్‌గా పడతా ఉంటే గేజ్ ప్రెషర్ (బయటి గాలి ప్రెషర్ కంటే ఎంత ఎక్కువో చెప్పేది) సున్నా. తెలిసింది ఇయ్యండి, మిగతాది సాల్వర్ (లెక్క చేసే ప్రోగ్రామ్) కనుక్కుంటుంది. రెండు చివర్లా వెలాసిటీ పెట్టారంటే లోపలికి పోయేదీ బయటికొచ్చేదీ వెంట్రుకవాసి తేడా ఉన్నా సొల్యూషన్ కుదరదు, రెండు చివర్లా ప్రెషర్ పెడితే నడుస్తుంది గానీ కన్వర్జ్ కావడానికి, అంటే లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోడానికి, ఏడిపిస్తుంది. ఇన్‌లెట్‌లో వెలాసిటీ, అవుట్‌లెట్‌లో ప్రెషర్, మామూలుగా ఇది చాలు.

గంటకి 5 టన్నులు, లోపలి డయామీటర్ 50 మిల్లీమీటర్లు, డెన్సిటీ ఘనమీటరుకి 1060 కిలోలు అనుకుంటే సగటు వేగం సెకనుకి 0.67 మీటర్లు. గుజ్జు చిక్కన కాబట్టి రేనాల్డ్స్ నంబర్ (పారే జోరుకీ చిక్కదనానికీ ఉండే నిష్పత్తి) వందల్లోకి పోవడమే కష్టం, అంటే లామినారే (పొరలు పొరలుగా నెమ్మదిగా పారేది), టర్బులెన్స్ లెక్కేసే కే-ఎప్సిలాన్ మోడల్ ఆన్ చేసి ఇన్‌లెట్‌లో 5 శాతం టర్బులెన్స్ ఇచ్చే పని అసలు లేదు. ఇన్‌లెట్‌లో వేగం ప్రొఫైల్ (గోడ నుంచి మధ్య దాకా వేగం ఎట్లా మారుతుందో) ఇస్తామంటే నీళ్ళ పారాబోలా వద్దు, అందులో మధ్య వేగం సగటుకి రెండింతలు, పవర్ లా ఇండెక్స్ (వేగం మారేకొద్దీ చిక్కదనం ఎట్లా మారుతుందో చెప్పే అంకె, నీళ్ళకి 1) 0.3 ఉండే గుజ్జుకైతే 1.46 రెట్లే. ఇదంతా ఎందుకనుకుంటే ఒకే వేగం ఇచ్చేసి ఇన్‌లెట్‌ని కొంచెం వెనక్కి జరపండి, ఇంత తక్కువ రేనాల్డ్స్‌లో ప్రొఫైల్ తొందరగానే కుదురుకుంటుంది.

అసలు తిరకాసు టీ జాయింట్ దగ్గర. ఒక లైన్ రెండుగా చీలి రెండు ఫిల్లర్లకి (గుజ్జు నింపే మెషీన్లకి) పోతా ఉంటే, మెష్ తగ్గుతుంది కదా అని రెండు కొమ్మల్నీ టీ పక్కనే కోసి రెండింటికీ సున్నా ప్రెషర్ పెడతారు, రిజల్ట్ సగం సగం వస్తుంది, చూసేదానికి బ్రహ్మాండంగా ఉంటుంది. లామినార్ పవర్ లాలో ప్రెషర్ డ్రాప్ ఫ్లోకి 0.3 ఘాతంలో పెరుగుతుంది, కాబట్టి అదే డయామీటర్‌తో ఒక కొమ్మ రెండింతలు పొడుగుంటే దాంట్లోకి పోయేది రెండో కొమ్మలో పోయేదాంట్లో పదో వంతే! అందుకే కొమ్మల్ని పూర్తిగా గీయండి, లేదా ఎంత యాడికి పోతుందో కొలిచిన లెక్క ఉంటే ఒక అవుట్‌లెట్‌కి మాస్ ఫ్లో ఇచ్చి రెండోదానికి ప్రెషర్ వదిలేయండి.

గోడలకి నో స్లిప్, అంటే గోడని ఆనుకున్న చోట వేగం సున్నా. ఆకారం, ఫ్లో రెండూ సమానంగా ఉంటేనే సిమెట్రీ (సగమే గీసి మిగతా సగం దాని అద్దం బింబం అనుకోవడం), సిలిండర్ వెనక సుడులు లేచే కేసులో పెట్టారంటే ఆ సుడులే మాయం.

ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి ఇంకోటి, దాంట్లోని సింపుల్‌ఫోమ్ సాల్వర్‌లో ప్రెషర్ అంటే డెన్సిటీతో భాగించింది, ఒక బార్ ఇయ్యాలంటే లక్ష (పాస్కల్స్) కాదు, సుమారు 94.3.

రివర్స్ ఫ్లో (అవుట్‌లెట్ నుంచి వెనక్కి పారడం) వార్నింగ్ ఆగకుండా వస్తుంటే మామూలుగా అవుట్‌లెట్ ఏ బెండు పక్కనో ఉందని అర్థం, పది డయామీటర్లు అవతలికి జరిపి మళ్ళీ రన్ చేయండి, కొత్తగా కలిపిన పైపుకి పడే ప్రెషర్ డ్రాప్ తీసేస్తే ఇన్‌లెట్ ప్రెషర్ పాత నంబరే రావాల, రాకపోతే ఇంకా జరపండి.