ఫుట్‌బాల్ సెలక్షన్స్‌లో స్కౌట్లు ఏం చూస్తారు: నల్లగొండ, పాలమూరు పిల్లలకు, వారి తల్లిదండ్రులకు

90 నిమిషాల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉన్న సమయాన్నంతా కూడితే సాధారణంగా రెండు మూడు నిమిషాలకు మించదు. మిగతా సమయమంతా అతడు బంతి లేకుండానే ఆడవలసి ఉంటుంది. అయినా నల్లగొండ ఎన్జీ కాలేజీ మైదానంలో గాని, మహబూబ్‌నగర్ స్టేడియంలో గాని సాయంత్రం పూట నిలబడి చూస్తే, పిల్లల సాధన దాదాపు అంతా ఆ రెండు మూడు నిమిషాల కోసమే సాగుతున్నట్టు కనిపిస్తుంది. బంతిని కాలి మీద ఆడిస్తారు, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుని పోతారు, దూరం నుంచి గోల్‌లోకి బలంగా కొడతారు. ఇవి అవసరం లేదని నేను అనను. కాని సెలక్షన్స్‌లో నోటుపుస్తకం పట్టుకుని ఒక పక్కన కూర్చున్న స్కౌట్ (మంచి ఆటగాళ్లను వెతికి ఎంచే పరిశీలకుడు) ఎక్కువసేపు గమనించేది, బంతి మీ దగ్గర లేనప్పుడు మీరు ఏం చేస్తున్నారన్నదే.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో నేను దేవరకొండ వైపు నుంచి ఇద్దరు పిల్లలను హైదరాబాద్‌లో ఒక అకాడమీ సెలక్షన్స్‌కు తీసుకుపోయాను. ఒకడు మా మండలంలో పేరున్న ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడు. రెండోవాడు రైట్ బ్యాక్, అంటే వెనుక కుడి పక్కన కాపు కాసేవాడు. నిజం చెప్పాలంటే వాడిని మొదటివాడికి తోడుగా తీసుకుపోయాను. ఫార్వర్డ్ ఆ అరగంటలో రెండుసార్లు ముగ్గురేసి ఆటగాళ్లను దాటుకుపోయాడు, ఒక గోల్ కూడా కొట్టాడు. అయితే బంతి పోయిన ప్రతిసారీ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. రైట్ బ్యాక్ మాత్రం ఎదుటి జట్టులో పక్క గీత వెంట దాడి చేసే వింగర్ తనను దాటిపోయినా వదలకుండా వెంటపడి పరుగెత్తాడు, పక్కనున్న డిఫెండర్‌కు వెనుక మనిషి ఉన్నాడని అరిచి చెప్పాడు, త్రో దొరికితే ఆలస్యం చేయకుండా వేశాడు. ఎంపికైంది వాడే. తిరుగు బస్సులో మొదటివాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు, ఎందుకంటే బంతి పోయిన తరువాత ఏం చేయాలో నేను వాడికి ఏనాడూ నేర్పలేదు.

స్కౌట్లు చూసే మొదటి గుణం ఇదే కాబట్టి ఆ సాధనతోనే మొదలుపెట్టండి. ఐదుగురు ఐదుగురుగా చిన్న మైదానంలో ఆడేటప్పుడు ఒక నియమం పెట్టుకోవాలి: బంతి పోగొట్టుకున్న జట్టు ఐదు సెకన్లలోపు దానిపై మళ్లీ ఒత్తిడి తేకపోతే ఎదుటి జట్టుకు ఒక పాయింట్ ఇవ్వాలి. రెండు వారాలలో పిల్లల కాళ్లకు ఆ అలవాటు పడుతుంది. ఆ తరువాత సెలక్షన్స్ రోజున ఎంత కంగారుగా ఉన్నా, బంతి పోయిన వెంటనే వారు తెలియకుండానే తిరిగి పరుగెత్తుతారు.

రెండో గుణం తల తిప్పి చూడటం. బంతి తన వైపు వస్తున్నప్పుడు చాలామంది పిల్లలు బంతినే చూస్తారు. బంతి అందాక తల ఎత్తి ఎవరికి ఇవ్వాలా అని వెతుకుతారు, అంతలో ఎదుటివాడు మీద పడతాడు. మంచి ఆటగాడు బంతి అందకముందే భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూసి, తన చుట్టూ ఎవరెక్కడ ఉన్నారో తెలుసుకుని ఉంటాడు. నార్వేకు చెందిన పరిశోధకుడు గైర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాళ్ల వీడియోలను పరిశీలించి, బంతి అందడానికి ముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవారి పాస్‌లు ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నాయని గుర్తించారు. దీనిని సాధన చేయడానికి ఖర్చేమీ లేదు. ముగ్గురు వరుసగా నిలబడాలి. ఒకరు మధ్యలో ఉన్నవారికి పాస్ ఇస్తుంటే, వెనుక ఉన్న మూడోవారు చేతివేళ్లు ఎత్తి చూపాలి. మధ్యలో ఉన్నవారు బంతి తమ కాలికి తగలకముందే ఎన్ని వేళ్లో పైకి చెప్పాలి. సెలక్షన్స్‌లో ఇలా తల తిప్పే పిల్లవాడు పాస్ తప్పినా స్కౌట్ దృష్టిలో పడతాడు, ఎందుకంటే తప్పింది కాలే గాని ఆలోచన కాదని ఆయనకు తెలుస్తుంది.

కాలిని దిద్దుకోవడానికి మన హైదరాబాద్‌లోనే పుట్టిన పద్ధతులున్నాయి. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోను, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోను భారతదేశానికి స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కినప్పుడు జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయుడిగా కూడా పనిచేసిన ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం) చేయకూడని పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు ఏర్పాటు చేసేవారు. మొదటి రకం పోటీలో బంతిని ఒక్క తాకుతోనే పంపవలసి వస్తుంది కాబట్టి ఆలోచన వేగం పెరుగుతుంది. రెండో రకంలో ఎడమ కాలు కట్టెలా ఉండిపోకుండా పనికి వస్తుంది. డెబ్బై ఏళ్ల కిందటి ఈ పద్ధతులకు నేటికీ విలువ తగ్గలేదని నా నమ్మకం. వారంలో ఒక సాయంత్రం ఎడమకాలి మ్యాచ్, ఒక సాయంత్రం డ్రిబ్లింగ్ లేని మ్యాచ్ పెట్టుకుంటే చాలు. ఒంటరిగా ఉన్న పిల్లవాడికి పాఠశాల ప్రహరీ గోడ ఉంది: రోజూ కుడికాలితో 100, ఎడమకాలితో 200 పాస్‌లు గోడకు కొట్టి తిరిగి అందుకోవాలి.

ఇక్కడ మన నేల గురించి ఒక మాట చెప్పాలి. మన ఎర్రమట్టి మైదానాల్లో బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం కాబట్టి, మన పిల్లలు దానిని ఛాతీతోను, తొడతోను ఆపడంలో చురుకుగా ఉంటారు. ఇది మనకు కలిసివచ్చేదే. కాని అదే నేల ఒక చెడ్డ అలవాటు కూడా నేర్పుతుంది: బంతి ఎగిరిపోతుందన్న భయంతో దానిని అరికాలి కింద తొక్కి పూర్తిగా ఆపేస్తారు. టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద జరిగే సెలక్షన్స్‌లో బంతి నేలబారుగా, వేగంగా వస్తుంది; తొక్కి ఆపే లోపు ఎదుటివాడు వచ్చేస్తాడు. తొలి తాకుతోనే బంతిని తాను వెళ్లదలచిన దిక్కుకు ఒక అడుగు దూరం జరుపుకోగలిగినవారిని స్కౌట్లు వెంటనే గుర్తుపెట్టుకుంటారు. ఇప్పుడు మన పట్టణాల్లో కూడా గంటకు అద్దెకు ఇచ్చే టర్ఫ్‌లు వచ్చాయి. సెలక్షన్స్‌కు ముందు పదిమంది పిల్లలు తలా కొంత వేసుకుని రెండు మూడు సార్లైనా అక్కడ ఆడితే ఆ కొత్తదనం పోతుంది. బూట్లు మాత్రం ఆ రోజు కొత్తవి వేసుకోకూడదు, రబ్బరు స్టడ్‌లున్న పాతవే మేలు.

మైదానంలో మాట్లాడటం కూడా ఒక గుణమేనని మన పిల్లలకు ఎవరూ చెప్పరు. ఊరిలో గొంతెత్తి అరిచే పిల్లవాడు హైదరాబాద్ సెలక్షన్స్‌కు వెళ్లగానే మూగబోతాడు. చుట్టూ ఉన్నవారు హిందీలోనో ఉర్దూలోనో కేకలు వేస్తుంటే తన తెలుగును, తన యాసను చూసి నవ్వుతారేమోనని భయపడతాడు. నిజానికి ఆటలో కావలసిన మాటలు పదికి మించవు: ‘మ్యాన్ ఆన్’ (మీదికి మనిషి వస్తున్నాడు), ‘టైమ్’ (తొందర లేదు), ‘టర్న్’ (తిరుగు), ‘లైన్’ (గీత వెంట), ‘పీఛే’ (వెనుక), ‘అకేలా’ (ఒంటరిగా ఉన్నావు) వంటివి. సాధనలో రోజూ ఆ మాటలే వాడిస్తే అక్కడ నోరు కట్టేసినట్టు ఉండదు. ముఖ్యంగా గోల్‌కీపర్, సెంటర్ బ్యాక్ (వెనుక మధ్యలో కాపు కాసేవాడు) స్థానాలకు వెళ్లేవారు నిశ్శబ్దంగా ఆడితే ఎంత నైపుణ్యం ఉన్నా నెగ్గడం కష్టం.

పొట్టిగా ఉన్నామని దిగులుపడే పిల్లలను నేను చాలామందిని చూశాను. భారత జట్టుకు అందరికంటే ఎక్కువ గోల్స్ చేసిన సునీల్ ఛెత్రి 1984లో మన సికింద్రాబాద్‌లోనే పుట్టారు. ఆయన ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లు. క్రొయేషియాకు చెందిన లూకా మోద్రిచ్‌ను చిన్నతనంలో బక్కగా ఉన్నాడని ఒక పెద్ద క్లబ్ వద్దంది. బాగా ఎరిగిన స్కౌట్ 13 ఏళ్ల పిల్లవాడి ఎత్తును చూసి నిర్ణయించరు. మొదటి ఐదు పది మీటర్లలో అతడు ఎంత వేగం అందుకుంటున్నాడో, తనకంటే పెద్దవాడు గుద్దుకున్నప్పుడు నిలబడగలుగుతున్నాడో లేదో చూస్తారు. చిన్నప్పటి నుంచి కబడ్డీ, ఖోఖో ఆడిన మన ఊళ్ల పిల్లలకు ఈ తొలి అడుగుల చురుకుదనం సహజంగా ఉంటుంది. ఫుట్‌బాల్‌లోకి వచ్చారు కదా అని వాటిని పూర్తిగా మాన్పించకండి.

చిన్న తరగతుల్లో చూసేది ముందుగా శరీరాన్నే. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలు నాలుగో తరగతిలో పిల్లలను చేర్చుకుంటాయి. ఆ ప్రవేశ పరీక్షల్లో 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ముందే వేగం అందుకుని పరుగెత్తడం), 800 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్ (రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగు), మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడం వంటివి ఉంటాయి. మూడో తరగతి పిల్లల తల్లిదండ్రులు వేసవికి చాలా ముందే వీటిని పిల్లలకు ఆటలుగా అలవాటు చేయాలి. ఎండాకాలంలో ఉదయం ఏడున్నరకల్లా సాధన ముగించండి. తిండి విషయంలో పౌడర్ల డబ్బాల జోలికి పోనవసరం లేదు: జొన్నరొట్టె, పప్పు, గుడ్లు, పాలమూరు పల్లీలు, నల్లగొండ బత్తాయిలు మన ఇళ్లలో ఉన్నవే.

వయసు పత్రాల విషయంలో గట్టిగా చెప్పక తప్పదు. వయసు తగ్గించి ఆడించమని సలహా ఇచ్చేవారు ఎక్కడైనా ఉంటారు. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసును లెక్కించే టీడబ్ల్యూ3 పరీక్ష జూనియర్ ఫుట్‌బాల్‌లో వాడుకలో ఉంది. అక్కడ పట్టుబడితే పోయేది ఆ పోటీ ఒక్కటే కాదు, పిల్లవాడి పేరు. వయసు తగ్గించిన పిల్లవాడు తనకంటే చిన్నవారిని బలంతో నెట్టుకుంటూ ఆడటానికి అలవాటుపడి అసలు ఆట నేర్చుకోడన్నది నా ఇంకొక బాధ. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, పాఠశాల రికార్డు మూడింటిలోను పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.

గుణాలెన్ని ఉన్నా కనిపించే చోట ఆడకపోతే ఫలితం ఉండదు. స్కౌట్లు మన ఊళ్లకు రావడం అరుదు కాబట్టి మనమే మెట్లు ఎక్కాలి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలం నుంచి జిల్లాకు, రాష్ట్రానికి, అక్కడి నుంచి జాతీయ స్థాయికి తీసుకుపోతాయి; వయసు విభాగాలు 14, 17, 19 ఏళ్ల లోపు. 1960లో మొదలైన సుబ్రతో కప్‌లో పాఠశాల జట్టుగా ఆడతారు, కాబట్టి పది మందితో కలిసి ఎదిగే అవకాశం అది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కూడా వయసు విభాగాల వారీగా పిల్లలకు లీగ్‌లు నడుపుతోంది. వాటిలో ఆడాలంటే గుర్తింపు ఉన్న క్లబ్ లేదా అకాడమీలో నమోదు కావాలి. ఏటా జూన్‌లోనే మీ పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) సారును కలిసి ఏ పోటీలు ఎప్పుడో అడిగి రాసుకోవడం మంచిది. వీడియో అడిగిన చోట గోల్స్ ఒక్కటే కత్తిరించి పంపకండి. పాఠశాల మేడ మీద నుంచి, మైదానం సగానికి ఎదురుగా నిలబడి, మైదానంలో ఎక్కువ భాగం కనిపించేలా తీసి, బంతి లేనప్పటి పరుగులు కూడా ఉండే నాలుగైదు నిమిషాల భాగాన్ని జెర్సీ నంబరు చెప్పి పంపాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ మెట్లు తమకు కావనుకోవద్దు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతున్నారు, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు కూడా ఆడారు. మన జిల్లాల్లో ఆడపిల్లల జట్లు తక్కువ. జట్టు దొరకని చోట అమ్మాయి అబ్బాయిలతో కలిసి సాధన చేయడంలో తప్పేమీ లేదు, ఆటకు అది మేలే చేస్తుంది.

ఎవరైనా పిల్లవాడిని విదేశీ క్లబ్‌లో చేర్పిస్తామని డబ్బు అడిగితే ఒక నియమం గుర్తుంచుకోండి: ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనల ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, 18 ఏళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్‌కు బదిలీ చేయరాదు. పొలం తాకట్టు పెట్టి లక్షలు కట్టే ముందు ఈ ఒక్క మాట అడిగి చూడండి, ఎదుటివారి జవాబులోనే సంగతి తెలిసిపోతుంది.

సెలక్షన్స్ రోజున తెల్లవారుజామున బస్సెక్కి నేరుగా మైదానంలో దిగడం కంటే, వీలైతే ముందు రోజే హైదరాబాద్ చేరి బంధువుల ఇంట్లో పడుకుని లేవడం మేలు. తను బాగా ఆడే స్థానమేదో పిల్లవాడు ఒక్క మాటలో చెప్పగలగాలి. ఎక్కడైనా ఆడతాను సార్ అన్నవారిని ఎక్కడో ఒకచోట నిలబెడతారు. వార్మప్ మొదలైనప్పటి నుంచే చూస్తుంటారు కాబట్టి అక్కడ బద్ధకించకూడదు, రెఫరీ నిర్ణయం తప్పనిపించినా చేతులు ఊపకూడదు. ఫలితాలు చెప్పాక, పేరు లేకపోతే తలవంచుకుని వెంటనే వచ్చేయకండి. జనం తగ్గేదాకా ఆగి, కోచ్ దగ్గరికి వెళ్లి, సార్, నాలో ఏది తక్కువైంది, మళ్లీ ఎప్పుడు రావచ్చు అని పిల్లవాడి చేతనే అడిగించి, ఆయన చెప్పింది అక్కడే కాగితం మీద రాయించండి. ఆ కాగితమే మరుసటి రోజు ఉదయం నుంచి మీ సాధన పట్టిక.