సింగిల్ రింగ్ మౌంటెన్ బైక్‌కి పెద్ద క్యాసెట్ వేసే ముందు

ముందు ఒకే చైన్‌రింగ్ (పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం) ఉన్న బైక్ మీద నిటారు మిట్ట ఎక్కుతున్నప్పుడు ఆఖరి గేరు కూడా చాలక మోకాళ్ళు పట్టేస్తుంటే, ఎవరికైనా మొదట తట్టేది వెనక ఇంకా పెద్ద క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల గుత్తి) వేసేద్దామనే. ఆలోచన మంచిదే. అయితే చైన్‌ను పక్కకు జరిపే డిరైలర్, చైన్ పొడవు, డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్, క్యాసెట్ కూర్చునే ఫ్రీహబ్ అన్నీ కొత్త క్యాసెట్‌కు సరిపోవాలి. వీటిలో ఏది సరిపోకపోయినా ఆ సంగతి చదును రోడ్డు మీద బయటపడకపోవచ్చు. ఒంట్లో బలమంతా పెడల్ మీద పెట్టి చివరి గేరుకు మార్చినప్పుడు బయటపడుతుంది. డిరైలర్ స్పోకుల్లోకి పోయి చక్రం ఒక్కసారిగా బిగుసుకునేది అప్పుడే. అందుకే కొనకముందే చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

ముందు లెక్క, తర్వాత కొనుగోలు

ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. ముందు 32 పళ్ళు, వెనక అతి పెద్ద చక్రానికి 42 ఉంటే 0.76. వెనక 46 వేస్తే 0.70. 51 వేస్తే 0.63. అంకె ఎంత తగ్గితే ఎక్కడం అంత తేలిక.

ఇప్పుడు వెనక ఏమీ ముట్టుకోకుండా ముందు రింగ్ మాత్రం మార్చి చూడండి. 30 వేస్తే 0.71, 28 వేస్తే 0.67. అంటే పాత 42 క్యాసెట్‌తోనే, ముందు 28 పెడితే, 32తో 46 క్యాసెట్ ఇచ్చే దానికన్నా తేలికైన గేరు దొరుకుతోంది. డిరైలర్‌కి కొత్త భారం లేదు, హ్యాంగర్‌కి లేదు. చైన్‌లో ఒక జత లింకులు తీయాల్సి రావచ్చు, అంతే. దిగువన చదును రోడ్డు మీద పై వేగం ఎనిమిదో వంతు తగ్గుతుంది. కొండ దారులకే బైక్ తీసేవాళ్ళకి ఆ తేడా పెద్దగా తెలియదు. రోజూ తారు రోడ్డు మీద చాలా దూరం తొక్కి దారి దగ్గరికి చేరేవాళ్ళకి మాత్రం తెలుస్తుంది. వాళ్ళకే నిజంగా పెద్ద క్యాసెట్ అవసరం. మిగతావాళ్ళకి నా సలహా ముందు రింగ్ చిన్నది చేసి కొన్నాళ్ళు తొక్కి చూడమనే. ఒక్క సంగతి గమనించండి: నాలుగు బోల్టులతో, 104 మిల్లీమీటర్ల కొలతతో రింగ్ బిగించే క్రాంక్‌లకు (పెడళ్ళు బిగించే కడ్డీలకు) 30 కన్నా చిన్న రింగ్ పట్టదు. 28 కావాలంటే క్రాంక్‌కి నేరుగా బిగిసే డైరెక్ట్ మౌంట్ రకం ఉండాలి. ఆ రకంలో రింగ్ ఆఫ్‌సెట్ (రింగ్ పక్కకు ఎంత జరిగి ఉంటుందో ఆ కొలత) కూడా పాతదానితో సరిపోవాలి, లేకపోతే చైన్ నడిచే గీత (చైన్ లైన్) పక్కకు జరుగుతుంది.

డిరైలర్ హద్దు ఎక్కడుంది

ప్రతి డిరైలర్‌కీ అది ఎక్కగలిగిన అతి పెద్ద పళ్ళ సంఖ్య తయారీదారు చెప్పి ఉంటాడు. షిమానో కంపెనీ 11 స్పీడ్ (వెనక 11 గేర్ల) డిరైలర్ ఎక్స్‌టీ ఎం8000కి సింగిల్ రింగ్ మీద ఆ హద్దు 46. దానికి 50 వేస్తే పై పుల్లీ (డిరైలర్‌లో పైనుండే చిన్న చక్రం) పెద్ద పళ్ళకు రాసుకుంటుంది. పుల్లీకీ క్యాసెట్‌కీ మధ్య ఖాళీ సరిచేసే బీ స్క్రూ పూర్తిగా బిగించి పుల్లీని కిందికి దించవచ్చు. కానీ అప్పుడు చిన్న పళ్ళ దగ్గర పుల్లీకీ క్యాసెట్‌కీ మధ్య దూరం బాగా పెరిగి, గేర్లు బద్ధకంగా మారతాయి. హ్యాంగర్ కింద ఎక్స్‌టెండర్ ముక్క బిగించి సర్దుకునేవాళ్ళున్నారు. హద్దు దాటింది కొద్దిపాటైతే నెట్టుకురావచ్చునేమో. అంతకు మించితే డిరైలర్ మార్చడమే నయం. ఎక్స్‌టెండర్ డిరైలర్‌ను నేలకు ఇంకా దగ్గరగా దించుతుంది, రాయి తగిలితే హ్యాంగర్ మీద పడే దెబ్బ కూడా పెరుగుతుంది.

పాత 11 స్పీడ్ షిమానో మౌంటెన్ షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీట) ఉన్నవాళ్ళకి తిన్నని దారి ఒకటుంది. డియోర్ ఎం5100 లాంగ్ కేజ్ (పుల్లీలను పట్టి ఉంచే చట్రం పొడుగ్గా ఉన్న) డిరైలర్‌కు హద్దు 51. దానికి జోడీగా వచ్చే 11-51 (అతి చిన్నది 11, అతి పెద్దది 51 పళ్ళు) క్యాసెట్ పాత తరహా హెచ్‌జీ ఫ్రీహబ్ మీదే కూర్చుంటుంది. షిఫ్టర్ మార్చనక్కర్లేదు. అయితే షిమానోలోనే లింక్‌గ్లైడ్ అని రాసి ఉన్న వేరే రకం సామాను దీనితో కలపకండి. అలాగే షిమానో షిఫ్టర్‌తో స్రామ్ కంపెనీ డిరైలర్, 10 స్పీడ్ షిఫ్టర్‌తో 11 స్పీడ్ డిరైలర్ కలిపితే పని కాదు. ఒక్కో క్లిక్‌కు లాగే కేబుల్ పొడవు వేరు, ఎంత ట్యూన్ చేసినా ఏదో ఒక గేరు తప్పుతూనే ఉంటుంది.

ఫ్రీహబ్ సంగతి సూటిగా తేలిపోతుంది. క్యాసెట్ అతి చిన్న పళ్ళు 10 అయితే హెచ్‌జీ మీద పట్టదు. స్రామ్ వాళ్ళ ఎక్స్‌డీ గానీ షిమానో 2018లో తెచ్చిన మైక్రో స్ప్లైన్ గానీ ఉండాలి. మీ హబ్‌కి ఆ బాడీ దొరుకుతుందో లేదో తెలుసుకున్నాకే క్యాసెట్ కొనండి.

పళ్ళ వరుస కూడా చూడండి. షిమానో 11 స్పీడ్ 11-46లో చివరి రెండు 37, 46. మధ్యలో 24 శాతం తేడా. మిట్ట మధ్యలో అందులోకి మారిస్తే కాళ్ళు ఒక్కసారిగా ఖాళీగా తిరిగినట్టవుతుంది, ఊపు పోతుంది. 11-51లో చివరివి 39, 45, 51. మెట్లు దాదాపు సమానం. దొరికితే నేను రెండోదే ఎంచుకుంటాను.

చైన్ పొడవు

ఈ మొత్తం పనిలో మనిషికి దెబ్బ తగిలించగలవాటిలో ఇదొకటి. క్యాసెట్ పెద్దదయ్యాక పాత చైన్ పొట్టిదైపోతుంది. పొట్టి చైన్‌తో చివరి గేరుకు మారిస్తే చైన్‌కి వెళ్ళడానికి చోటుండదు. డిరైలర్ ముందుకు సాగిపోయి హ్యాంగర్ విరుగుతుంది, లేదా డిరైలరే విరిగిపోతుంది.

కొలిచేటప్పుడు చైన్‌ను డిరైలర్‌లోంచి పోనివ్వకుండా, ముందు రింగ్ మీదా వెనక అతి పెద్ద పళ్ళ మీదా నేరుగా చుట్టండి. రెండు కొసలూ కలిసిన చోటు నుంచి మీ డిరైలర్ మాన్యువల్ చెప్పినన్ని లింకులు అదనంగా లెక్కపెట్టి కత్తిరించండి. అనుమానం ఉంటే ముందు పొడుగ్గానే ఉంచండి, తర్వాత తీయడం సులువు.

వెనక సస్పెన్షన్ ఉన్న బైక్ అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. షాక్ అణిగేకొద్దీ క్రాంక్‌కీ వెనక చక్రానికీ మధ్య దూరం పెరిగి, చైన్ ఇంకా పొడవు కావాల్సి వస్తుంది. స్టాండ్ మీద సరిపోయిన చైన్ గుంతలో దిగగానే చాలకపోవచ్చు. కాబట్టి షాక్‌లోంచి గాలి తీసేసి (స్ప్రింగ్ రకమైతే స్ప్రింగ్ తీసి) వెనక చక్రాన్ని అడుగుదాకా నొక్కి పట్టించి కొలవండి. చైన్ బిగించాక అదే స్థితిలో చివరి గేరులో క్రాంక్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. డిరైలర్ కేజ్ ముందుకు పూర్తిగా సాగి నిలబడితే చైన్ పొట్టి. కొంచెం వంపు మిగిలి ఉండాలి. తర్వాత షాక్ పైకి వచ్చేలా చేసి చిన్న పళ్ళ మీదకు మార్చండి. అక్కడ చైన్ వేలాడకూడదు, కేజ్ మీద తనకు తానే రాసుకోకూడదు.

పుల్లీకీ పెద్ద పళ్ళకూ మధ్య ఖాళీ సరిచేసేది బీ స్క్రూ. స్రామ్ వాళ్ళ 12 స్పీడ్ రకం ఈగల్‌కు దీన్ని కొలిచే ప్లాస్టిక్ గేజ్ ఉంటుంది. సస్పెన్షన్ బైక్ మీద మనిషి కూర్చుని, సాగ్ (మనిషి బరువుకు షాక్ కొంత అణగడం) వచ్చాకే ఈ ఖాళీ సరిచూడాలి. ఒకరు ఎక్కి కూర్చోవాలి, ఒకరు కింద కూర్చుని చూడాలి. ఒంటరిగా చేసే పని కాదు.

బిగించేటప్పుడు

అన్నిటికన్నా ముందు హ్యాంగర్ నిటారుగా ఉందో లేదో గేజ్‌తో చూపించుకోండి. 51 పళ్ళ దగ్గర కొద్దిపాటి వంపు కూడా పెద్ద తేడా చేస్తుంది. ఫ్రీహబ్ గాడులు తుడిచి, క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగ్‌ను 40 న్యూటన్ మీటర్ల టార్క్‌కు బిగించండి. క్లచ్ (చైన్ ఊగకుండా కేజ్‌ను బిగపట్టే ఏర్పాటు) ఉన్న డిరైలర్ అయితే చైన్ వేసేటప్పుడు ఆపి, పని అయ్యాక తప్పకుండా తిరిగి ఆన్ చేయండి, మరిచిపోతే రాళ్ళ దారిలో చైన్ ఊడుతుంది. స్రామ్ కేజ్ లాక్ వదిలేటప్పుడు స్ప్రింగ్ ఒక్కసారిగా వెనక్కి లాగుతుంది, వేళ్ళు జాగ్రత్త.

డిరైలర్ స్పోకుల వైపు ఎంతదాకా పోవచ్చో ఆపే ఎల్ స్క్రూను కొత్త క్యాసెట్‌కు తగ్గట్టు మళ్ళీ సెట్ చేయాలి. పాత సెట్టింగ్ పనికొస్తుందని అనుకోవద్దు. చేత్తో డిరైలర్‌ను లోపలికి గట్టిగా నెట్టినా చైన్ స్పోకుల వైపు దాటకూడదు. డిరైలర్ వెనక్కి జరిగి ఉంటుంది కాబట్టి దాని దగ్గర కేబుల్ ఔటర్ (కేబుల్ పై తొడుగు) బిగుతుగా లాగినట్టుంటే పొడుగు ముక్క వేయండి.

కొత్త క్యాసెట్ మీద అరిగిన చైన్ పెట్టకండి. 11, 12 స్పీడ్ చైన్‌లు గేజ్‌లో 0.5 శాతం సాగితే మార్చాల్సిందే. చైన్ కొసలు కలిపే క్విక్ లింక్ కూడా అదే స్పీడ్‌ది కావాలి.

మొదటి పరీక్ష స్టాండ్ మీద, రెండోది చదును నేల మీద గట్టిగా తొక్కి. చివరి గేరులో పెడల్ వెనక్కి రెండు చుట్లు తిప్పి చూడండి, చైన్ చిన్న పళ్ళ మీదకు జారుతుంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి. మిట్ట ఆ తర్వాతే. కొత్త కేబుల్ వేసి ఉంటే కొన్ని రైడ్‌ల తర్వాత అది సర్దుకుని గేర్లు కాస్త తప్పుతాయి. కేబుల్ బిగువు సరిచేసే బారెల్ అడ్జస్టర్‌ను అర చుట్టు, పావు చుట్టు చొప్పున తిప్పి సరిచేసుకుని, అప్పుడే లాక్‌రింగ్ బిగుతు కూడా ఒకసారి చూడండి.